పొయ్యిరాళ్ళ దీవులు

దగ్గరికి జరుగు బంగారూ. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఇవాళ్టి కథలో రాజు లేడు, రాక్షసుడూ లేడు. ఇద్దరు ముసలమ్మలూ, ఒక సముద్రమూ, అంతే.

అనగనగా కోరంగి అని ఒక రేవు. గోదావరి పాయ ఒకటి నడిచి నడిచి, ఇక నా వల్ల కాదన్నట్టు సముద్రంలో వాలిపోయే చోటది. ఆ రోజుల్లో అక్కడ ఎటు చూసినా ఓడలే. తారు వాసన, ఎండుచేపల వాసన, తడిసిన కొబ్బరితాళ్ళ వాసన.

ఆ రేవులో ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉండేవాళ్ళు. పెద్దామె మరిడమ్మ, చిన్నామె వరాలు. ఇద్దరికీ తలలు నెరిశాయి. మరిడమ్మకి మొగుడు పోయాడు, పిల్లలు లేరు. వరాలుకి మాత్రం ఇంటి నిండా జనమే. కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు, మనవలు. అక్కవీ చెల్లెలివీ పక్కపక్క ఇళ్ళు. మధ్యన గోడ కూడా లేదు.

వాళ్ళు కోరంగిలో పెరిగారు గానీ కోరంగిలో పుట్టలేదు. పుట్టింది పొయ్యిరాళ్ళ దీవుల్లో.

అవెక్కడున్నాయంటావా? మనింట్లో వంటిల్లు ఏ మూలనుంది? ఆగ్నేయం మూల కదా. సముద్రానికీ వంటిల్లు ఆ మూలే. కోరంగిలో ఓడెక్కి అటు ఇరవై ఒక్క రోజులు పోవాలి. దారిలో ఒడ్డు లేదు, చెట్టు లేదు, పలకరించే దిక్కు లేదు. అప్పుడు నీళ్ళలోంచి మూడు నల్లకొండలు లేస్తాయి, మూడు పొయ్యిరాళ్ళు పెట్టినట్టు. అందులో పెద్దకొండ నెత్తిన ఎప్పుడూ పొగే. దాని కడుపులో నిప్పుంది. ఎవరో మహాతల్లి అక్కడ ఎసరు పెట్టి మర్చిపోయినట్టుంటుంది. అందుకే ఆ పేరు.

మరిడమ్మ నాన్న పడవలు చేసే వడ్రంగి. తోటల ఆసామి ఒకాయన కొబ్బరితోటలు వేయించడానికని పన్నెండు కుటుంబాల్ని ఆ దీవులకి తీసుకెళ్ళాడు. వాళ్ళతో పాటు ఆ వడ్రంగీ, ఆయన పెళ్ళాం పాపాయమ్మా, ఆయన తల్లీ వెళ్ళారు. అక్కడ ముందు మరిడమ్మ పుట్టింది. ఆరేళ్ళ తర్వాత వరాలు పుట్టింది.

మరిడమ్మకి ఎనిమిదేళ్ళప్పుడు కొండకి కోపం వచ్చింది. మొదటిరోజు నేల వణికి అటక మీది కుండలన్నీ పగిలాయి. రెండోరోజు బావిలో నీళ్ళు వేడెక్కాయి. మూడోరోజు పట్టపగలే చీకటి కమ్మి, ఆకాశంలోంచి బూడిద రాలింది. కొబ్బరికాయల కోసం వచ్చిన ఓడ అదృష్టం కొద్దీ అప్పటికి అక్కడే ఉంది. అందరూ చేతికి దొరికింది పట్టుకుని, పడవల్లో ఓడ దగ్గరికి పరిగెత్తారు.

పాపాయమ్మ రాలేదు. పిల్లలిద్దర్నీ పడవలో కూర్చోబెట్టి, మళ్ళీ ఇంటి వైపు వెళ్ళింది. ఇంతలో నిప్పుల ఏరు ఒకటి కొండ దిగి దారికి అడ్డంగా పారింది. వాళ్ళ నాన్న దిగిపోబోతే నలుగురు పట్టుకుని ఆపారు. పడవ కదిలిపోయింది.

ఓడ కోరంగి చేరింది. ఆయన ఒక్కపూట కూడా ఆగలేదు. ఓడ ఓడకీ వెళ్ళి, నన్ను పొయ్యిరాళ్ళకి తీసుకుపొండి అని అడిగాడు. "ఇంకెక్కడి పొయ్యిరాళ్ళు, అవి మునిగిపోయాయిగా" అన్నారు అందరూ. ఎవరు చూశారో ఎవరికీ తెలియదు. ఒకరన్నారు, అందరూ నమ్మారు. చివరికి ఆయనా నమ్మాడు. పడవలు చేసుకుంటూ, ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా బతికి, అలాగే పోయాడు.

మరి రెండేళ్ళ వరాలుని ఎవరు పెంచారనుకున్నావు? ఎనిమిదేళ్ళ మరిడమ్మే. నీకంటే రెండేళ్ళు పెద్దది, అంతే.

పొద్దు వాలేసరికి వరాలు అమ్మ కావాలని ఏడ్చేది. అప్పుడు మరిడమ్మ దాన్ని ఒళ్ళో వేసుకుని దీవుల కబుర్లు చెప్పేది. అక్కడ రాళ్ళు నీళ్ళ మీద తేలతాయని చెప్పేది. ఇసకలో గుడ్డు పాతిపెట్టి వంద లెక్కపెడితే ఉడికిపోతుందని చెప్పేది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు నల్ల ఇసకలోంచి తియ్యటి నీళ్ళు ఊరతాయని చెప్పేది.

"అమ్మ ఏమంది?" అని అడిగేది వరాలు, ప్రతిసారీ.

"చెల్లి జాగ్రత్త, నేను తర్వాతి పడవలో వస్తాను అంది" అనేది మరిడమ్మ. ఆ మాట అనేటప్పుడు మాత్రం చెల్లెలి మొహంలోకి చూసేది కాదు.

అలా వరాలు పెరిగి పెద్దదయింది. పెళ్ళయింది, పిల్లలయ్యారు, వాళ్ళకి పెళ్ళిళ్ళయ్యాయి. ఎన్ని అయినా ఆ దీవుల మీద బెంగ మాత్రం పోలేదు. ఒక్క చెట్టయినా గుర్తులేని ఊరి మీద అంత బెంగ ఎలా పెట్టుకుంటారో నాకు తెలియదు. మరిడమ్మకి అన్నీ గుర్తే. ఆవిడ మాత్రం ఆ ఊసే ఎత్తేది కాదు, చెల్లెలు అడిగితే తప్ప.

అప్పుడు ఏం జరిగిందంటే, తాతబ్బాయి అని ఒక సరంగు ఉండేవాడు. సరంగంటే ఓడ నడిపే పెద్ద. ఒకసారి అతని ఓడ తుఫానులో దారి తప్పి ఎటో కొట్టుకుపోయింది. తిరిగొచ్చాక రేవులో అందరికీ చెప్పాడు. "మూడు నల్లకొండలు చూశాను. ఒకదాని మీద పొగ. కింద కొబ్బరిచెట్లు పచ్చగా ఉన్నాయి. నీళ్ళు దొరుకుతాయని ఆశపడ్డాను గానీ, చుట్టూ రాళ్ళు, నురగ. లోపలికి పోయే దారి తెలియలేదు."

ఆ మాట వరాలు చెవిన పడింది. ఇక ఆగుతుందా.

మొదటిసారి ఒక్కతే వెళ్ళి అడిగింది. "ఆడవాళ్ళని ఓడెక్కించనమ్మా" అన్నాడు సరంగు. రెండోసారి జంతికలు చేసి పట్టుకెళ్ళింది. జంతికలు తిని, "అక్కడ మంచినీళ్ళు నింపుకోవాలని నాకూ ఆశే గానీ లోపలికి దారి తెలియదు పెద్దమ్మా" అన్నాడు. మూడోసారి అక్క చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. "మా అక్కకి దారి తెలుసు" అంది.

మరిడమ్మ తలొంచుకుని నించుంది. తెలియదు అంటే అక్కడితో సరిపోయేది. చెల్లెలి మొహం చూసింది. ఆ తర్వాత చెప్పింది.

"రెండు రాళ్ళుంటాయి నాయనా. ఒకటి తిరగలిలా గుండ్రంగా, ఒకటి రోకలిలా నిలువుగా. తిరగలి ఎడంచేతికి, రోకలి కుడిచేతికి పెట్టుకుని మధ్యలోంచి పోవాలి."

"నువ్వు చూసింది దీవిలోకి వచ్చేటప్పుడా, బయటికి పోయేటప్పుడా?" అన్నాడు సరంగు. "పోతూ చూస్తే ఎడం కుడి అవుతుంది, కుడి ఎడమవుతుంది. ఓడ పగులుద్ది."

"పోయేటప్పుడే చూశాను. కానీ నేను ముందుకి చూడలేదు. ఒడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను."

సరంగు తన రెండు చేతులూ చూసుకుని లెక్కేసుకున్నాడు. ఆ తర్వాత, "అయితే ఎడం ఎడమే" అన్నాడు. "ఎల్లుండి ఆటుకి, నీళ్ళు వెనక్కి తీసేటప్పుడు, బయల్దేరదాం."

వరాలు కొడుకులు వద్దన్నారు, కోడళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆవిడ వినలేదు. ఆవకాయ జాడీ, అటుకుల మూట, తాటిబెల్లం కట్టుకుని అక్కా చెల్లెలూ ఓడెక్కారు.

మొదటి వారం వరాలుకి వాంతులే. రెండో వారం గాలి ఆగిపోయి తెరచాప జారిన పైటలా వేలాడింది. మూడో వారం గాలి అందుకుంది. వరాలు ఓడలో పనిచేసే కళాసీలకి కూరలు వండిపెడుతూ, వాళ్ళ బట్టలకి చిరుగులు కుడుతూ, ఓడంతా తన ఇల్లు చేసేసుకుంది. మరిడమ్మ ఒక పక్కన తాళ్ళచుట్ట మీద కూర్చుని నీళ్ళ వైపు చూసేది.

పంతొమ్మిదో రోజున సముద్రం మీద చిన్న చిన్న బూడిదరంగు రాళ్ళు తేలుతూ వచ్చాయి. కళాసీలు బుట్టతో ఒకటి తోడి ఇచ్చారు. వరాలు దాన్ని బిందెడు నీళ్ళలో వేసింది. తేలింది. నొక్కింది. మళ్ళీ తేలింది.

"నువ్వు చెప్పిందే అక్కా. ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు" అంటూ చిన్నపిల్లలా నవ్వింది.

అప్పుడు మరిడమ్మకి ఇక దాచుకోవడం చేతకాలేదు.

"ఒక ముక్క అబద్ధమే వరాలూ. తర్వాతి పడవలో వస్తానని అమ్మ అనలేదు. నేనే ఏడ్చాను. నా కోడిపిల్లల బుట్ట ఇంట్లో ఉండిపోయిందని పడవలో కూర్చుని ఏడుపు లంకించుకున్నాను. అమ్మ నా వైపొకసారి చూసి వెనక్కి వెళ్ళింది. ఆరు కోడిపిల్లలే. వాటి కోసం."

వరాలు లేచి ఓడ అవతలి చివరికి వెళ్ళి కూర్చుంది. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నా తినలేదు. మధ్యాహ్నం కొబ్బరినూనె గిన్నె, దువ్వెన పట్టుకుని వచ్చి, అక్క వెనకాల కూర్చుని జుట్టు విప్పింది.

"మన మనవరాలు బుజ్జిదానికి ఇప్పుడు ఎనిమిదేళ్ళు" అంది చిక్కు తీస్తూ. "మనం బయల్దేరిన రోజున గాజు పగిలిందని ఎంత గోల చేసిందో చూశావుగా. పిల్లలన్నాక ఏడుస్తారక్కా. ఇన్నాళ్ళూ ఒక్కదానివే మోశావు. నాకు చెప్పాల్సింది."

మరిడమ్మ వెనక్కి తిరగలేదు. జడ వేయడం అయ్యేదాకా అలాగే కూర్చుంది.

ఇరవై ఒకటో రోజు పొద్దున మూడు కొండలు కనిపించాయి. పెద్దకొండ మీద పొగ. అగ్గిపుల్ల గీసినప్పుడు వస్తుందే, ఆ వాసన. సరంగు ఓడకి దూరంగా లంగరు వేయించి, అక్కచెల్లెళ్ళనీ నలుగురు కళాసీల్నీ తీసుకుని చిన్నపడవలో బయల్దేరాడు. మరిడమ్మని ముందు కూర్చోబెట్టాడు.

నురగ. నురగ వెనక నురగ. తెడ్లు వేసేవాళ్ళు ఆవిడ మొహమే చూస్తున్నారు. అప్పుడు నీళ్ళు ఒకసారి కిందికి జారాయి. ఎడంచేతికి తిరగలి కనిపించింది. కుడిచేతికి రోకలి కనిపించింది. అది సగానికి విరిగిపోయింది గానీ అదే. "మధ్యలోంచి" అంది మరిడమ్మ. పడవ గట్టిగా ఊగింది, ఒక అల నెత్తి మీంచి పోయింది, ఆ తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం. చెరువులో ఉన్నట్టు పడవ కదలకుండా నిలబడింది.

ఆ నిశ్శబ్దంలో ఒడ్డు మీద కోడి కూసింది.

తెడ్లు వేసేవాళ్ళు చేతులు ఆపేశారు. నడిసముద్రం దీవిలో పిట్టలుంటాయి గానీ కోడిపుంజు తనంతట తాను రాదు కదా. కోడి కూసిందంటే ఇల్లున్నట్టు. ఇల్లుందంటే మనిషి ఉన్నట్టు.

ఒడ్డు దిగారు. నల్ల ఇసక కాళ్ళకి వెచ్చగా తగిలింది. సముద్రం వెనక్కి తగ్గి ఉంది. ఇసకలో ఒకచోట గుంట తవ్వి ఉంది, అందులో నీళ్ళు ఊరుతున్నాయి. ఆ గుంట పక్కన ఒక ముసలావిడ వంగి కొబ్బరిచిప్పతో నీళ్ళు తోడుతోంది. ఒంటికి తాటినారలాంటి దేంతోనో అల్లిన గుడ్డ. జుట్టంతా తెలుపు.

ఆవిడ తలెత్తి చూసింది. పడవని చూడలేదు, మగవాళ్ళని చూడలేదు, మరిడమ్మని కూడా చూడలేదు. వరాలు మొహం చూసింది. చూసి అక్కడే ఇసకలో కూలబడిపోయింది.

"అత్తా" అంది. మాట పలకడం మర్చిపోయినదానిలా మెల్లగా, ఒక్కో ముక్కా వెతుక్కుంటూ. "నిన్ను నా చేతుల్తోనే కదా మట్టిలో పెట్టాను. ఎలా లేచొచ్చావు?"

ఆవిడ పేరు సింగారం. కొండ మండినప్పుడు ఆమెకి పదేళ్ళు. వాళ్ళ తాత మొండివాడు, దీవి వదలనని మనవరాలితో సహా గుహలో దాక్కుంటే ఓడ వాళ్ళని వదిలి వెళ్ళిపోయింది. మరిడమ్మకి ఆమె లీలగా గుర్తొచ్చింది. వరసకి వదిన. గవ్వలాటలో ఎప్పుడూ గెలిచేది.

వరాలుది అచ్చం పాపాయమ్మ మొహం. అది ఎవరికి తెలుస్తుంది? వరాలుకి తల్లి గుర్తే లేదు. మరిడమ్మకి ఏళ్ళు గడిచేకొద్దీ అమ్మ మొహం చెరిగిపోయింది. అమ్మ ఎలా ఉండేదని తలుచుకుని తలుచుకుని ఏడ్చిన రోజులున్నాయి. ఆ మొహం పక్కింట్లోనే ఉంది, రోజూ పలకరిస్తూనే ఉంది.

అప్పుడు సింగారం చెప్పింది. పాపాయమ్మ చనిపోలేదు. నిప్పుల ఏరు దారి మూసేస్తే, కొండ వెనకనుంచి తిరిగి గుహకి చేరింది. ఆ తర్వాత ముప్పై మూడేళ్ళు బతికింది.

"ముప్పై మూడేళ్ళు" అంది వరాలు. అంటే ఆమెకి పెళ్ళయినప్పుడు తల్లి బతికే ఉంది. మొదటి బిడ్డ పుట్టినప్పుడూ బతికే ఉంది.

"ఓడలు రాలేదా వదినా?" అంది మరిడమ్మ.

"దూరంగా మూడుసార్లు పోయాయి. మూడుసార్లూ మంట పెట్టాం. కొబ్బరాకులన్నీ తగలబెట్టాం. కానీ ఎవరు చూస్తారే మరిడీ? కొండ ఎప్పుడూ పొగే కదా. ఆ పొగలో మా పొగ ఒకటి."

మరిడమ్మ అడగాల్సింది ఇంకొకటుంది. అడగలేక అడగలేక అడిగింది. కోడిపిల్లల సంగతి.

సింగారం ఆవిడ వైపు వింతగా చూసింది. "అత్త వెనక్కి వచ్చింది మీ నాయనమ్మ కోసం. ముసలమ్మకి కళ్ళు కనపడవు, పొయ్యి దగ్గర కూర్చుని నేను రానంది. ఆవిణ్ణి ఎలాగైనా మోసుకొస్తానని మీ నాన్నతో చెప్పే దిగింది. ఆవిణ్ణి వీపున ఎక్కించుకుని గుహకి తెచ్చింది. బుట్ట ఇంట్లో గుమ్మం పక్కన కనిపిస్తే చేత్తో పట్టుకొచ్చింది. మంచిపని చేసింది. ఈ కోళ్ళే లేకపోతే మేమేం తినేవాళ్ళం?"

చుట్టూ చూస్తే నిజమే. చెట్ల కింద, రాళ్ళ మీద, పొదల్లో, ఎక్కడ చూసినా కోళ్ళే. మరిడమ్మ నల్ల ఇసకలో కూర్చుండిపోయింది. యాభై ఎనిమిదేళ్ళుగా గుండె మీద ఉన్న రాయి. ఇప్పుడది దిగిందని సంతోషించాలో, అన్నాళ్ళూ అమ్మ ఇక్కడ బతికే ఉందని ఏడవాలో ఆవిడకి తెలియలేదు. రెండూ చేసింది.

నిద్రొస్తోందా? ఇంకొంచెమే.

ఆ తర్వాత సింగారం వాళ్ళని ఇంటికి తీసుకెళ్ళింది. కొబ్బరాకుల కప్పు, నల్లరాళ్ళ గోడలు. మధ్యలో గుంజ ఒకటి. దాని మీద రెండు వరసల్లో గీతలు గీసి ఉన్నాయి. ఒక వరస ఎత్తుగా, ఒక వరస తక్కువగా.

"ఏటా వానలు మొదలయ్యే రోజున గీసేది అత్త" అంది సింగారం. "మరిడి ఈపాటికి ఇంత అయ్యుంటుంది, వరాలు ఇంత అయ్యుంటుంది అని. కొన్నేళ్ళయ్యాక, ఇక ఎదగరులే అని మానేసింది."

మరిడమ్మ వెళ్ళి ఆ గుంజకి వీపు ఆనించి నిలబడింది. పై గీత ఆవిడ తలకి జానెడు పైనుంది.

"అమ్మ నన్ను బాగా పొడుగు అనుకుంది" అంది.

వరాలు నవ్వింది. ఆ నవ్వులోనే ఏడ్చింది. ఆవిడ నిలబడితే రెండో గీత సరిగ్గా నడినెత్తికి వచ్చింది.

పాపాయమ్మని పెట్టిన చోటు పెరట్లోనే ఉంది. అక్కడ మూడు రాళ్ళున్నాయి. వరాలు ఓడనుంచి తెచ్చిన అటుకులూ బెల్లమూ అక్కడ పెట్టింది. పెట్టి తిరగ్గానే కోళ్ళొచ్చి తినేశాయి.

గాలి మారేలోగా ఓడ కదలాలి. మూడు రోజులు గడువిచ్చాడు సరంగు. మూడు రోజులూ కళాసీలు పీపాలకి తియ్యటి నీళ్ళు నింపారు, కొబ్బరికాయలు దింపారు. మూడు రోజులూ అక్కచెల్లెళ్ళు సింగారాన్ని బతిమాలారు, మాతో రా వదినా అని. ఆవిడ రానంది. ఇరవై అయిదేళ్ళుగా ఒంటరిగా ఉంది. పడవలో వచ్చిన ఏడుగురిని చూస్తేనే ఆమెకి కళ్ళు తిరిగాయి. రేవు నిండా మనుషులంటే గుహలోకి పోయి కూర్చుంది.

అప్పుడు మరిడమ్మ, "నేను ఉండిపోతాను" అంది.

"రావాలని గోల చేసింది నేను కదా" అంది వరాలు.

"నువ్వుంటావా మరి?"

వరాలు పొగకొండ వైపు చూసింది. "నా ఇల్లంటే ఇదే అనుకున్నానక్కా ఇన్నేళ్ళూ. తీరా వచ్చాక, మూడోరోజుకే మనవరాలి మీద బెంగ పట్టింది. ఆ పిల్లకి జడ ఎవరేస్తున్నారో."

"నాకు ఒక్క ఏడాది చాలు" అంది మరిడమ్మ. "అమ్మ ముప్పై మూడేళ్ళు ఇక్కడుంది. అదంతా వదినకి తెలుసు. నాకు ఏమీ తెలియదు. వచ్చే ఏడు నీళ్ళకీ కొబ్బరికీ మళ్ళీ వస్తానని సరంగు మాటిచ్చాడుగా. ఇద్దరం వస్తాం."

"బతికుంటే" అంది వరాలు.

"బతికుంటే" అంది మరిడమ్మ.

వరాలు పడవెక్కింది. ఈసారి ఆవిడ వెనక్కి తిరిగి, ఒడ్డు వైపు చూస్తూ కూర్చుంది. తిరగలీ రోకలీ దాటేదాకా ఒడ్డున ఇద్దరు ముసలమ్మలు కనిపిస్తూనే ఉన్నారు.

ఆ ఏడాది మరిడమ్మ సింగారంతో కలిసి నీళ్ళు తోడింది, వేడి ఇసకలో దుంపలు కాల్చుకు తింది, వానలో చూరు కింద కూర్చుంది. సింగారం ఒక్కో మాటా గుర్తు తెచ్చుకుంటూ చెప్పేది. మీ అమ్మ గురక పెట్టేది. చేపముల్లు గుచ్చుకుంటే చేపని వదిలేసి సముద్రాన్ని తిట్టేది. జ్వరమొస్తే చింతకాయ కావాలని కలవరించేది, ఇక్కడ చింతచెట్టు లేదు. మరిడమ్మ అడిగిందే అడిగేది, సింగారం చెప్పిందే చెప్పేది. ఒక్కోసారి కొండ గుర్రుమనేది. ఇద్దరూ మాటలాపి దాని వైపు చూసి, మళ్ళీ మాట్లాడుకునేవాళ్ళు.

ఏడాది తిరిగింది. తాతబ్బాయి సరంగు మాట తప్పలేదు. వరాలు మోకాళ్ళ నొప్పులతో రాలేదు గానీ జాడీతో చింతకాయ పచ్చడి పంపింది. సింగారం వేలితో కొంచెం నాలిక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. అత్త కలవరించిన పులుపు ఇదా అని అనుకుందో ఏమో, ఇంకొంచెం పెట్టుకుంది. మూడోసారి పెట్టుకున్నాక, "నువ్వు నా దగ్గర ఒక ఏడాదున్నావు. నేను నీ దగ్గర ఒక ఏడాది ఉంటాను" అంది.

ఓడెక్కిన మొదటిరోజు సింగారం వెనక్కి తిప్పమని ఏడ్చింది. రెండోరోజు వెనక్కి తిప్పమని సరంగుని తిట్టింది. మూడోరోజు నిద్రపోయింది.

కోరంగి వచ్చింది. రేవులో అరుపులు, బండ్లు, బస్తాలు, మనుషులు. సింగారం మరిడమ్మ కొంగు రెండు చేతుల్తో పట్టుకుని, కళ్ళు నేల మీంచి ఎత్తకుండా ఓడకి వేసిన పలక మీంచి దిగింది. దిగాక కళ్ళెత్తింది. ఎదురుగా వరాలు నించుంది. వరాలు పక్కన వాళ్ళింటిల్లిపాదీ వరసగా నించున్నారు, పెళ్ళివారి కోసం నించున్నట్టు.

"ఇంతమంది ఎవరే మరిడీ?" అంది సింగారం గుసగుసగా.

"అందరూ అమ్మ వాళ్ళే వదినా. పాపాయమ్మ మనుషులు."

సింగారం కొంగు వదిలేసింది. నడిచి వెళ్ళి వరాలు తల మీద చెయ్యి పెట్టింది. "ఒకటి" అంది. పక్కనున్న పెద్దకొడుకు తల మీద పెట్టింది. అతను పొడుగు, వంగాడు. "రెండు" అంది. అలా ఒక్కొక్కళ్ళ తల మీదా చెయ్యి పెట్టుకుంటూ పోయింది. పదిహేను దాటాక లెక్క తప్పింది. మళ్ళీ మొదటికొచ్చి మొదలుపెట్టింది. ఎండ ఎక్కుతోంది. ఎవరూ కదల్లేదు. చంటిపిల్ల కూడా ఏడవలేదు.

వరస చివరికి వచ్చాక ఇరవై మూడయింది. అప్పుడు వెనక్కి తిరిగి, దూరంగా ఒంటరిగా నించున్న మరిడమ్మ దగ్గరికి వచ్చి ఆవిడ తల మీద చెయ్యి పెట్టింది.

"ఇరవై నాలుగు" అంది. "అత్తకి ఇద్దరే తెలుసు."

ఆ వరసలో చివర నించున్న పిల్ల మా అమ్మమ్మ, బంగారూ. సింగారమ్మ చెయ్యి గరుగ్గా, వెచ్చగా ఉండేదని చెప్పేది నాకు. ఇదిగో, ఇలా తల మీద పెట్టి చూపించేది.

ఓడ రేవుకి, అల ఒడ్డుకి,
పొగ మబ్బుకి, పిట్ట గూటికి,
కథేమో కంచికి,
నీ కన్నేమో నిద్రకి.